జర్మనీ స్టూడెంట్ వీసా, రెసిడెన్స్ పర్మిట్: ఏ మెట్టు దగ్గర ఎన్ని వారాలు పడుతుంది, ఎక్కడ ఆగిపోతుంది

జర్మనీ యూనివర్సిటీల్లో వింటర్ సెమిస్టర్ అక్టోబరు 1న మొదలవుతుంది. అప్లైడ్ సైన్సెస్ యూనివర్సిటీల్లో చాలాచోట్ల సెప్టెంబరు 1నే. పేపర్ల పని మొదలుపెట్టే ముందు ఆ తేదీని క్యాలెండర్‌లో చుట్టి, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రండి. అడ్మిషన్ వచ్చిన రోజు నుంచి ముందుకు లెక్కపెట్టేవాళ్ళే జులై, ఆగస్టుల్లో ఇబ్బంది పడతారు.

వీసాకు ఎన్నాళ్లు పడుతుందని అడిగితే ఒకరు నాలుగు వారాలంటారు, ఇంకొకరు నాలుగు నెలలంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే. ఒకరు వీఎఫ్ఎస్‌లో (వీసా ఫైళ్ళు తీసుకునే ఏజెన్సీ సెంటర్) వేలిముద్రలిచ్చిన రోజు నుంచి లెక్కపెట్టారు, ఇంకొకరు ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫారం పంపిన రోజు నుంచి. మధ్యలో ఒక డాక్యుమెంట్ తక్కువైందని వెనక్కి వచ్చి, మళ్ళీ అప్‌లోడ్ చేసి, మళ్ళీ వరసలో నిలబడిన వారాలు కూడా రెండో లెక్కలో ఉంటాయి. ఎవరి అనుభవం విన్నా ముందు ఒకటే అడగండి: "మీ లెక్క ఏ రోజు నుంచి?" మీ సొంత విషయంలోనైతే ఇది గుర్తుపెట్టుకోండి: ఫైలు పూర్తిగా సరిగ్గా చేరిన రోజే ఆఫీసు గడియారం మొదలవుతుంది.

ఈ దారిలో రెండు పెద్ద భాగాలున్నాయి. ఇక్కడి నుంచి వెళ్ళడానికి డి వీసా, అంటే ఎక్కువకాలం ఉండేందుకు ఇచ్చే నేషనల్ వీసా. అక్కడికి వెళ్ళాక రెసిడెన్స్ పర్మిట్ కార్డు. రెండింటికీ ఆఫీసులు వేరు, ఆలస్యానికి కారణాలూ వేరు.

మొదటి మెట్టు: పేరు సరిచూసుకోవడం

ఇది ఏ చెక్‌లిస్టులోనూ మొదటి వరసలో ఉండదు. తెలుగువాళ్ళ ఫైళ్ళకు మాత్రం మొదట చూడాల్సింది ఇదే. మన ఇంటిపేరు పదో తరగతి మెమోలో పూర్తిగా ఉంటుంది, ఇంజినీరింగ్ మెమోలో ఒక్క అక్షరంగా మిగులుతుంది, పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడిలోకి వెళ్తుంది. ఉదాహరణకు టెన్త్ మెమోలో "కొండపల్లి వెంకట సాయి కిరణ్", బీటెక్ కన్సాలిడేటెడ్ మెమోలో "కె.వి. సాయి కిరణ్", పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ "కొండపల్లి", గివెన్ నేమ్ "వెంకట సాయి కిరణ్". మనకు ఇవి మూడూ ఒకే మనిషి. ఫైలు చూసే అధికారికి మూడు పేర్లు. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో ఒక "హెచ్" ఎక్కువైనా, తక్కువైనా అంతే.

ఒక సాయంత్రం కూర్చుని అన్ని మెమోలూ టేబుల్ మీద పరచండి. టెన్త్, ఇంటర్, సెమిస్టర్ మెమోలు, కన్సాలిడేటెడ్ మెమో, ప్రొవిజనల్, ఓడీ (ఒరిజినల్ డిగ్రీ), ఐఈఎల్‌టీఎస్ రిపోర్టు, పాస్‌పోర్ట్. ఒక కాగితం మీద ప్రతిదానిలో పేరు ఎలా ఉందో అక్షరం అక్షరం రాయండి, పుట్టిన తేదీ కూడా. తేడా పొట్టి అక్షరాల వరకే అయితే, ఈ పేర్లన్నీ ఒకే వ్యక్తివి అని నోటరీ అఫిడవిట్ చేయించుకుంటే సాధారణంగా సరిపోతుంది. పుట్టిన తేదీ తేడా ఉంటే అఫిడవిట్‌తో పోదు, తప్పున్న చోటే దిద్దించాలి. యూనివర్సిటీ ఎగ్జామినేషన్ బ్రాంచిలో దిద్దుబాటుకు నెలలు పట్టవచ్చు కాబట్టి ఆ పని అన్నింటికన్నా ముందు పెట్టుకోండి.

పాస్‌పోర్ట్ గడువు కూడా అప్పుడే చూడండి. ఏడాదిన్నర కన్నా తక్కువ మిగిలి ఉంటే ముందే రెన్యూ చేయించుకోవడం మేలు. కారణం ఉంది: పాస్‌పోర్ట్ మారితే నంబర్ మారుతుంది. బ్లాక్డ్ అకౌంట్ (ఏడాది ఖర్చుల డబ్బు ముందే వేసి, నెలనెలా కొంతే తీయగలిగే అకౌంట్) కన్ఫర్మేషన్, ఇన్సూరెన్స్, పోర్టల్‌లో నింపిన ఫారం పాత నంబర్ మీద ఉండిపోతాయి. అన్నీ మార్పించుకుంటూ తిరగాలి. పైగా జర్మనీలో రెసిడెన్స్ పర్మిట్ పాస్‌పోర్ట్ గడువు దాటి ఇవ్వరు. పాస్‌పోర్ట్ ఎనిమిది నెలలే ఉంటే కార్డూ అంతవరకే.

రెండో మెట్టు: ఏపీఎస్

2022 నవంబరు 1 నుంచి భారతీయ విద్యార్థులకు స్టూడెంట్ వీసా ఫైలులో ఏపీఎస్ సర్టిఫికెట్ తప్పనిసరి. మీ మార్కుల మెమోలు నిజమైనవేనా, మీ డిగ్రీ అక్కడి చదువుకు అర్హత ఇస్తుందా అని ఢిల్లీలోని ఏపీఎస్ ఆఫీసు పరిశీలించి ఇచ్చే సర్టిఫికెట్ అది. ఫీజు 18,000 రూపాయలు. ఒకసారి తీసుకుంటే చాలు, ఎన్ని యూనివర్సిటీలకైనా వాడుకోవచ్చు.

ఖాళీ నెలల్లో కొద్ది వారాల్లో వచ్చేస్తుంది, రద్దీలో లాగుతుంది. మీ లెక్కలో రెండు నెలలు పెట్టుకోండి. చాలా యూనివర్సిటీలు, వాటి తరఫున అప్లికేషన్లు పరిశీలించే యూని-అసిస్ట్ కూడా, అప్లికేషన్ దగ్గరే ఏపీఎస్ అడుగుతాయి. వచ్చే అక్టోబరుకు వెళ్ళాలనుకుంటే ఈ ఏడాది సెప్టెంబరు, అక్టోబరుల్లో ఏపీఎస్ వేయడం సరైన సమయం. అడ్మిషన్ వచ్చాక వేద్దాంలే అనుకుంటే ఆ సెమిస్టర్ చేజారినట్టే.

ఇక్కడ ఆగిపోయే ఫైళ్ళలో తప్పులు దాదాపు ఒకే రకం. సెమిస్టర్ మెమోల్లో ఒకటి లేకపోవడం. బ్యాక్‌లాగ్ రాసిన సప్లిమెంటరీ మెమో పెట్టకుండా కన్సాలిడేటెడ్ మెమో ఒక్కటే పెట్టడం. వెనకవైపు గ్రేడింగ్ పట్టిక ఉన్న మెమోను ముందువైపే స్కాన్ చేయడం. ఫోన్‌తో ఫొటో తీస్తే పక్కన దుప్పటి అంచు, వేలి నీడ పడటం. జిరాక్స్ షాపులో 300 డీపీఐ కలర్ స్కాన్ చేయించండి, రెండు వైపులా, నాలుగు మూలలూ కనబడేలా. బ్యాక్‌లాగ్‌లు ఉంటే దాచకండి. ఉన్నందువల్ల ఫైలు ఆగదు, అంకెలు ఒకదానితో ఒకటి కలవకపోతే ఆగుతుంది.

యూని-అసిస్ట్ ద్వారా అప్లై చేసేవాళ్ళకు ఒక లెక్క: మొదటి కోర్సుకు 75 యూరోలు, అదే సెమిస్టర్‌లో తరవాతి ప్రతి కోర్సుకు 30. పరిశీలనకు నాలుగు నుంచి ఆరు వారాలు. డెడ్‌లైన్ జులై 15 అయితే జులై 14న వేసిన ఫైలులో ఏదైనా తక్కువైతే దిద్దుకునే వ్యవధి ఉండదు. ఆ ఆరు వారాల ముందే మీ గడువు అయిపోయిందనుకుని పని చేయండి.

మూడో మెట్టు: డబ్బు

2024 సెప్టెంబరు నుంచి స్టూడెంట్ వీసాకు బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి, అంటే నెలకు 992. ఈ మొత్తం అప్పుడప్పుడూ పెరుగుతుంది. ఫైలు వేసే వారంలో జర్మన్ మిషన్ (ఎంబసీ, కాన్సులేట్లు) సైట్‌లో ఉన్న అంకెనే పట్టుకోండి, సీనియర్ పంపిన స్క్రీన్‌షాట్‌ను కాదు.

అకౌంట్ తెరవడం రోజుల పని. డబ్బు చేరడం వారం పని. లోన్ అయితే నెలల పని. మన ఇళ్ళల్లో ఎక్కువగా ఆగేది ఈ మూడోదాని దగ్గరే. ఇల్లో స్థలమో తాకట్టు పెట్టే లోన్‌కు లింకు డాక్యుమెంట్లు, ఈసీ, లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్, ఒక్కొక్కటీ ఒక్కొక్కరి చేతిలో ఉంటాయి. లాయర్ ఊళ్ళో లేకపోతే వారం, తాతగారి పేరు మీద ఉన్న స్థలం ఇంకా నాన్నగారి పేరుకు మారకపోతే ఎన్నాళ్లో చెప్పలేం. అడ్మిషన్ లెటర్ లేకుండా శాంక్షన్ ఇవ్వకపోవచ్చు గానీ, ఆస్తి పేపర్ల పరిశీలన ముందే చేయించుకోవచ్చు. బ్రాంచి మేనేజర్‌ను ఆ మాటే అడగండి.

డబ్బు పంపేటప్పుడు చిన్న పొరపాటు పెద్దదవుతుంది. మీరు సరిగ్గా 11,904 యూరోలు పంపితే మధ్యలో ఉన్న బ్యాంకు తన చార్జీ కోసుకుంటుంది. అక్కడ చేరేది పది, ఇరవై యూరోలు తక్కువ. మొత్తం పూర్తి కాలేదు కాబట్టి కన్ఫర్మేషన్ లెటర్ రాదు. మళ్ళీ ఇరవై యూరోలకు ఇంకో ట్రాన్స్‌ఫర్, ఇంకో చార్జీ, ఇంకో వారం. బ్యాంకులో ఫారం నింపేటప్పుడు విదేశీ చార్జీలన్నీ పంపేవాళ్ళే భరించే ఆప్షన్ పెట్టమనండి, దానిపైన ఒక యాభై యూరోలు అదనంగా వేయండి. బ్లాక్డ్ అకౌంట్ కంపెనీ ఇచ్చిన రెఫరెన్స్ నంబర్ తప్పు పడితే డబ్బు చేరినా మీ పేరు మీదకు ఎక్కదు. కౌంటర్‌లో ఉన్నప్పుడే రసీదు మీద ఆ నంబర్ చదివి చూసుకోండి.

నాలుగో మెట్టు: వీసా ఫైలు

2025 జనవరి నుంచి నేషనల్ వీసాలకు జర్మన్ విదేశాంగ శాఖ వారి కాన్సులర్ సర్వీసెస్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా అప్లై చేయవచ్చు. వరస ఇలా ఉంటుంది. పోర్టల్‌లో ఫారం నింపి డాక్యుమెంట్లు అప్‌లోడ్ చేస్తారు. వీసా ఆఫీసు వాటిని ముందుగా చూస్తుంది. తక్కువైనవి ఉంటే మెసేజ్ వస్తుంది. అంతా సరిపోయాక వీఎఫ్ఎస్‌లో అపాయింట్‌మెంట్‌కు పిలుపు వస్తుంది. మనవాళ్ళకు హైదరాబాద్‌లోనే సెంటర్ ఉంది. అక్కడ వేలిముద్రలు, ఫొటో, ఒరిజినల్స్, ఫీజు. వీసా ఫీజు 75 యూరోలకు సమానమైన రూపాయలు, దానిపైన వీఎఫ్ఎస్ సర్వీస్ చార్జీ.

వీఎఫ్ఎస్ నిర్ణయం తీసుకోదు. అక్కడి కౌంటర్‌లో ఉన్నవాళ్ళను "వస్తుందా అండీ" అని అడిగి లాభం లేదు.

నిర్ణయం జర్మన్ మిషన్‌ది. అయితే మిషన్ మీ ఫైలును మీరు చదవబోయే ఊరిలోని ఔస్లెండర్‌బెహోర్డెకు, అంటే విదేశీయుల ఆఫీసుకు కూడా పంపుతుంది. చాలా స్టూడెంట్ కేసుల్లో ఆ ఆఫీసు మూడు వారాల రెండు పనిదినాల్లోపు అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. వాళ్ళు ఒక ప్రశ్న అడిగితే మాత్రం ఆ లెక్క ఆగిపోతుంది. ఇద్దరు స్నేహితులు ఒకే రోజు హైదరాబాద్‌లో ఫైలు ఇచ్చి, ఒకరు పది రోజుల ముందు వీసా అందుకోవడానికి ఇది ఒక కారణం: ఒకరిది మాగ్డెబర్గ్, ఇంకొకరిది మ్యూనిక్. వీళ్ళలో ఎవరి ఫైలులోనూ తప్పు లేదు.

మొత్తం మీద అన్ని పత్రాలతో ఫైలు చేరాక ఆరు నుంచి పన్నెండు వారాలు అని లెక్క పెట్టుకోండి. జూన్ నుంచి సెప్టెంబరు మధ్య పన్నెండుకే మొగ్గండి. అంటే అక్టోబరు 1కి వెళ్ళాలంటే జూన్ నెలాఖరుకు ఫైలు లోపల ఉండాలి, మే నెలలో ఉంటే ఇంకా మంచిది.

కన్సల్టెన్సీల మాట ఇక్కడ చెప్పాలి. అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో "మాకు లోపల తెలుసు, పది రోజుల్లో చేయిస్తాం" అని ఎవరన్నా అంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి. స్టూడెంట్ వీసాకు అదనపు డబ్బు కట్టి వేగం కొనుక్కునే దారి లేదు. (ఉద్యోగం మీద వెళ్ళే నిపుణులకు జర్మన్ కంపెనీ 411 యూరోలు కట్టి వేగవంతమైన ప్రక్రియ మొదలుపెట్టవచ్చు. అది వేరే దారి, అక్కడ అప్లై చేసేది కంపెనీ.) ఖాళీ ఏళ్ళను కప్పడానికి దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్ పెట్టించే కన్సల్టెన్సీలు ఉన్నాయి. ఆ ఒక్క కాగితం దొరికితే ఈ వీసానే కాదు, ముందుముందు వేసేవీ పోతాయి. కంపెనీకి ఫోన్ చేసి కనుక్కోవడం ఆఫీసులకు కష్టం కాదు. రెండేళ్లు ఇంట్లో ఉండి పోటీ పరీక్షలకు చదివితే అదే రాయండి. గ్యాప్‌కు నిజమైన వివరణ నాలుగు వాక్యాల్లో మోటివేషన్ లెటర్‌లో ఉంటే చాలు.

మోటివేషన్ లెటర్ గురించి ఇంకో మాట. అధికారి ఇందులో చూసేది రెండు: ఈ కోర్సు మీ గత చదువుకు ఎలా అతుకుతుంది, అది చదివి ఏం చేస్తారు. మెకానికల్ చదివి డేటా సైన్స్‌కు వెళ్తుంటే ఆ మలుపు ఎందుకో, మధ్యలో ఏం నేర్చుకున్నారో రాయాలి. కోర్సులో ఉన్న మూడు సబ్జెక్టుల పేర్లు మీ లెటర్‌లో లేకపోతే అది ఎవరికైనా సరిపోయే లెటర్ అని చదవగానే తెలిసిపోతుంది, ప్రశ్నలూ అక్కడే పుడతాయి. ప్రశ్న పుడితే వారాలు పెరుగుతాయి.

ఇన్సూరెన్స్ తేదీలు చూడండి. అక్కడి స్టూడెంట్ హెల్త్ ఇన్సూరెన్స్ సెమిస్టర్ మొదలయ్యాక, ఎన్‌రోల్‌మెంట్‌తో అమల్లోకి వస్తుంది. మీరు సెప్టెంబరు 15న దిగితే ఆ మధ్య రోజులకు ట్రావెల్ హెల్త్ ఇన్సూరెన్స్ కావాలి. వీసా మొదలయ్యే తేదీ, ఇన్సూరెన్స్ మొదలయ్యే తేదీ ఒకటి కాకపోవడం ఫైలు వెనక్కి రావడానికి మామూలు కారణం.

ఫైలు ఇచ్చాక రోజూ ఈమెయిల్ పెట్టకండి. సాధారణ వ్యవధి దాటకముందు స్టేటస్ అడిగే మెయిళ్ళకు జవాబు ఆశించకండి. పోర్టల్, స్పామ్ ఫోల్డర్ రెండూ మాత్రం రోజూ చూడండి. అదనపు డాక్యుమెంట్ అడిగితే అదే రోజు పంపండి, అడిగింది ఒక్కటే పంపండి. అడగని పది కాగితాలు కలిపితే చూసేవాళ్ళకు పని పెరుగుతుంది.

ఆగస్టు మధ్యకు కూడా కబురు లేకపోతే చేయాల్సింది వేరే: యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకు రాయండి. వీసా పెండింగ్‌లో ఉందని చెప్పి, ఆలస్యంగా ఎన్‌రోల్ అయ్యే ఆఖరి తేదీ ఎంతో అడగండి. కొన్నిచోట్ల కొన్ని వారాలు ఆగుతారు, కొన్నిచోట్ల సీటు తరవాతి సెమిస్టర్‌కు మార్చడం కుదురుతుంది, కొన్నిచోట్ల మళ్ళీ అప్లై చేయాల్సిందే. ఆలస్యంగా చేరవచ్చని వాళ్ళు లెటర్ ఇస్తే దాన్ని వీసా ఫైలుకు చేర్చండి. లేకపోతే సెమిస్టర్ మొదలైపోయిందన్న కారణంతోనే వీసా నిరాకరించే అవకాశం ఉంది.

రిజెక్ట్ అయితే? ఒకప్పుడు అదే ఆఫీసుకు ఉచితంగా పునఃపరిశీలన కోరే వీలుండేది. 2025 జులై 1 నుంచి ఆ పద్ధతి తీసేశారు. ఇప్పుడు మిగిలినవి రెండు: లోపం సరిదిద్దుకుని కొత్తగా అప్లై చేయడం, లేదా బెర్లిన్ పరిపాలనా న్యాయస్థానంలో నెలలోపు కేసు వేయడం. కేసు లాయర్‌తో, ఖర్చుతో, చాలా నెలలతో కూడిన పని. రిజెక్షన్ లెటర్‌లో రాసిన కారణం దిద్దుకోగలిగేదైతే కొత్త అప్లికేషన్ త్వరగా తేలుతుంది. పాత ఫైలునే మళ్ళీ వేస్తే పాత జవాబే వస్తుంది.

వీసా చేతికి వచ్చిన రోజు

కవరు తెరవగానే స్టిక్కర్ చదవండి. ఎడమవైపు మీ ఫొటో, "డి" అని వీసా రకం. మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ చూడండి. రోజు, నెల, సంవత్సరం వరసలో ఉంటాయి. ఎన్నిసార్లు ప్రవేశించవచ్చో చెప్పే గడిలో "మల్ట్" అని, అంటే ఎన్నిసార్లైనా అని ఉండాలి. పాస్‌పోర్ట్ నంబర్, పేరు స్పెల్లింగ్ అక్షరం అక్షరం పోల్చండి. కింద రెండు వరసల మెషీన్ అక్షరాల్లో కూడా పేరు ఉంటుంది, అదీ చూడండి. తప్పుంటే విమానం ఎక్కకముందే వీఎఫ్ఎస్‌కు చెప్పాలి. మొదలయ్యే తేదీకి ఒక్క రోజు ముందు దిగినా లోపలికి రానివ్వరు. అందుకే టిక్కెట్టు ఈ రోజు కొనాలి, నిన్న కాదు.

ముగిసే తేదీని ఇప్పుడే రాసి పెట్టుకోండి. డి వీసా మీ చదువంతటికీ కాదు, కొన్ని నెలలకే ఇస్తారు. ఆ తేదీలోపు రెసిడెన్స్ పర్మిట్‌కు అప్లై చేసి ఉండాలి.

ఇంకో దారి గురించి కొందరు అడుగుతారు: టూరిస్టు వీసా మీద వెళ్ళి అక్కడే స్టూడెంట్‌గా మారవచ్చా? భారతీయులకు కుదరదు. వెనక్కి వచ్చి మొదటి నుంచి అప్లై చేయాలి.

దిగాక: రెసిడెన్స్ పర్మిట్ వరస

ఇల్లు దొరికి చేరిన రెండు వారాల్లోపు ఆన్‌మెల్డుంగ్ చేయాలి. ఊరి ఆఫీసులో మీ అడ్రసు నమోదు చేయించడం అది. దానికి ఇంటి ఓనర్ సంతకం చేసిన వోనుంగ్స్‌గేబర్‌బెస్టేటిగుంగ్ అనే కాగితం కావాలి, అద్దె అగ్రిమెంట్ ఒక్కటే చాలదు. రూమ్ మాట్లాడుకునేటప్పుడే "ఆన్‌మెల్డుంగ్ అవుతుందా" అని అడగండి. అవదంటే అది ఎంత చవకైనా మీకు పనికిరాదు. అడ్రసు నమోదు లేకపోతే టాక్స్ నంబర్ రాదు, పర్మిట్ ముందుకు కదలదు, బ్యాంకు పనులు కూడా చాలాచోట్ల ఆగుతాయి. బ్లాక్డ్ అకౌంట్ నుంచి నెలనెలా 992 యూరోలు రావాలంటే అక్కడి కరెంట్ అకౌంట్ నంబర్ ఇవ్వాలి, అది సర్దుబాటు కావడానికి మూడు, నాలుగు వారాలు పట్టవచ్చు. ఇంటి డిపాజిట్‌కు, మొదటి నెల ఖర్చులకు వేరే డబ్బు దగ్గర పెట్టుకునే విమానం ఎక్కండి.

ఇక పోస్టుబాక్సు. మన దగ్గర డోర్ నంబర్ ఉంటే ఉత్తరం వస్తుంది. జర్మనీలో అపార్టుమెంటు తలుపులకు చాలాచోట్ల నంబర్లే ఉండవు. పోస్ట్‌మ్యాన్ కింద వరసగా ఉన్న డబ్బాల మీద పేరు చదివి వేస్తాడు. మీ పేరు లేకపోతే ఉత్తరం "గ్రహీత తెలియదు" అని తిరిగి వెళ్ళిపోతుంది. ఆఫీసు వాళ్ళు పంపిన అపాయింట్‌మెంట్ ఉత్తరం, టాక్స్ నంబర్, కార్డు తాలూకు పిన్ ఉత్తరం, అన్నీ ఇలాగే పోతాయి. నెలల ఆలస్యానికి కారణం ఒక్కోసారి అతికించని చిన్న కాగితం ముక్క. చేరిన రోజే పాస్‌పోర్ట్‌లో ఉన్న ఇంటిపేరును ముద్రాక్షరాల్లో రాసి, పోస్టుబాక్సు మీద, కాలింగ్ బెల్ పక్కన అతికించండి, పైన పారదర్శక టేపు వేయండి. షేర్డ్ ఫ్లాట్ అయితే మిగతావాళ్ళ పేర్ల కింద మీది కూడా ఉండాలి. పిలిచే పేరు కాదు, ఇంటిపేరే.

ఆ తరవాత పర్మిట్ అప్లికేషన్. చాలా ఊళ్ళలో ఆన్‌లైన్ ఫారం ఉంటుంది, కొన్నిచోట్ల ఈమెయిల్. ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్, హెల్త్ ఇన్సూరెన్స్, డబ్బు రుజువు, ఆన్‌మెల్డుంగ్ కాగితం, అద్దె అగ్రిమెంట్, పాస్‌పోర్ట్ పేజీలు పెట్టండి. వీసా ముగియడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాల ముందు వేయడం మంచిది. పెద్ద ఊళ్ళలో అపాయింట్‌మెంట్‌కే రెండు, మూడు నెలలు పట్టడం మామూలే.

2025 మే 1 నుంచి కార్డుకు కాగితపు ఫొటో తీసుకోరు. ఆఫీసులో మెషీన్ దగ్గర తీయించుకోవాలి, లేదా గుర్తింపు ఉన్న స్టూడియోలో తీయించి డిజిటల్‌గా పంపించాలి. మన దగ్గర నుంచి పట్టుకెళ్ళిన పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు ఈ పనికి రావు.

అపాయింట్‌మెంట్‌లో వేలిముద్రలు తీసుకుని, ఫీజు 100 యూరోలు కట్టించుకుంటారు. కార్డు బెర్లిన్‌లోని బుండెస్‌డ్రుకెరై అనే ప్రభుత్వ ముద్రణాలయంలో అచ్చవుతుంది. అక్కడి నుంచి రావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు. ఈ వారాలను మీ ఊరి ఆఫీసు తగ్గించలేదు, వాళ్ళను బతిమాలి ప్రయోజనం లేదు.

తేదీ దాటిపోతోంది, కార్డు రాలేదు

చాలామందికి నిద్ర పట్టని రోజులివి, కాబట్టి వివరంగా. డి వీసా గడువు ముగియకముందే మీరు అప్లై చేసి ఉంటే, నిర్ణయం వచ్చేదాకా మీ ఉనికి చట్టబద్ధమే. జర్మన్ రెసిడెన్స్ చట్టం 81వ సెక్షన్ నాలుగో భాగం ఆ మాట చెబుతుంది. పాత వీసా షరతులే కొనసాగుతాయి, పార్ట్‌టైమ్ పని హక్కుతో సహా. దీనికి రుజువుగా ఫిక్షన్స్‌బెషైనిగుంగ్ అనే కాగితం అడగాలి. ఫీజు 13 యూరోలు. అది అడిగి తీసుకోవాల్సిందే, దానంతట అది రాకపోవచ్చు.

ఆ కాగితంలో గడుల మధ్య ఏది టిక్ అయిందో చూడండి. నాలుగో భాగం టిక్ అయి ఉంటే పాస్‌పోర్ట్‌తో కలిపి ఇండియా వచ్చి తిరిగి వెళ్ళవచ్చు. మూడో భాగం టిక్ అయి ఉంటే జర్మనీలో ఉండవచ్చు గానీ బయటికి వెళ్తే తిరిగి రాలేరు. సంక్రాంతికి ఇంటికి రావాలని టిక్కెట్టు బుక్ చేసే ముందు ఈ ఒక్క గడి చూసుకోండి. నాలుగో భాగం ఉన్నా మధ్యలో దిగే దేశం, ఎయిర్‌లైన్ ఈ కాగితాన్ని ఒప్పుకుంటాయో లేదో ముందే కనుక్కోండి. నేరుగా వచ్చే విమానం అయితే చిక్కులు తక్కువ.

గడువు ఒక్క రోజు దాటాక అప్లై చేస్తే ఈ రక్షణ దానంతట అది వర్తించదు. అపాయింట్‌మెంట్ దొరకలేదన్నది సాకుగా చెల్లకపోవచ్చు. అందుకే ఆన్‌లైన్ ఫారం పనిచేయకపోయినా, గడువులోపు అప్లికేషన్‌ను డాక్యుమెంట్లతో ఈమెయిల్ చేసి, అదే సెట్‌ను రిజిస్టర్డ్ పోస్టులో కూడా పంపి, రసీదు దాచండి. పంపిన తేదీకి రుజువు మీ దగ్గర ఉండాలి.

పూర్తి ఫైలు ఇచ్చి మూడు నెలలు దాటినా, సరైన కారణం చెప్పకుండా ఆఫీసు ఊరుకుంటే కోర్టులో ఉన్‌టేటిగ్‌కైట్స్‌క్లాగె వేసే హక్కు ఉంది, అంటే "పని చేయడం లేదు" అన్న కేసు. ముందు యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసు చేత ఒక మెయిల్ రాయించండి. తరవాత గడువు పెట్టి మీరే లిఖితంగా అడగండి. కేసు ఆఖరిది.

చదువు మధ్యలో ఊరు మారితే ఆలస్యం తప్పదు. మీ ఫైలు పాత ఊరి ఆఫీసు నుంచి కొత్త ఊరి ఆఫీసుకు కదలాలి. అది వచ్చేదాకా కొత్త ఆఫీసు ఏ నిర్ణయమూ తీసుకోదు. వారాలు పడుతుంది. పర్మిట్ గడువు దగ్గర పడ్డప్పుడు ఊరు మారకుండా ఉండగలిగితే ఉండండి.

రెన్యూవల్, తరవాత ఉద్యోగం

స్టూడెంట్ పర్మిట్ ఎక్కువగా ఒకటి, రెండేళ్లకు ఇస్తారు. రెన్యూవల్‌కు 93 యూరోలు. మళ్ళీ డబ్బు రుజువు అడుగుతారని చాలామంది మరిచిపోతారు. బ్లాక్డ్ అకౌంట్ నెలనెలా ఖాళీ అయి ఉంటుంది. పార్ట్‌టైమ్ జీతం స్లిప్పులు చూపించేవాళ్ళు కనీసం మూడు నెలల స్లిప్పులు సిద్ధం చేసుకోవాలి. ఎన్ని క్రెడిట్లు పూర్తయ్యాయో కూడా చూస్తారు. సబ్జెక్టులు మిగిలిపోయి ఉంటే ప్రొఫెసర్ దగ్గర, ఎప్పటికి పూర్తవుతుందో చెప్పే లెటర్ తీసుకుని ముందే ఫైలులో పెట్టండి.

చదువు అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల పర్మిట్ ఉంది. చాలామంది ఉద్యోగం వచ్చాక బ్లూ కార్డుకు, అంటే డిగ్రీ ఉన్నవాళ్ళకు ఇచ్చే ఉద్యోగ పర్మిట్‌కు, వెళ్తారు. చిక్కు ఎక్కడంటే, స్టూడెంట్ పర్మిట్ మీద ఉండగానే ఉద్యోగం వచ్చి బ్లూ కార్డుకు అప్లై చేస్తే, ఆ పెండింగ్ కాలంలో పాత షరతులే నడుస్తాయి. స్టూడెంట్‌కు ఏడాదికి 140 పూర్తి రోజుల పని పరిమితి ఉంది. ఫుల్‌టైమ్ ఉద్యోగంలో చేరిపోతే ఆ పరిమితి దాటిపోతుంది. ఆఫీసు మీ ఫైలు ఒప్పుకుని కొత్త కార్డు ముద్రణకు ఆర్డర్ పెట్టిన రోజు నుంచి మాత్రం, కార్డు చేతికి రాకపోయినా, కొత్త పర్మిట్‌లో రాయబోయే ఉద్యోగం చేసుకోవచ్చు. ఆ ఆర్డర్ పెట్టినట్టు ఒక మెయిలో, ఫిక్షన్స్‌బెషైనిగుంగ్ మీద పని అనుమతి వాక్యమో రాయించుకుని కంపెనీ హెచ్‌ఆర్‌కు ఇవ్వండి. జాయినింగ్ తేదీ ఆ కాగితం తేదీ తరవాతే ఉండేలా కాంట్రాక్టు సంతకం చేసేటప్పుడే మాట్లాడుకోండి.